మోతీమహల్ కథకు నాయకుడెవడు?

ఢిల్లీ దరియాగంజిలోని మోతీమహల్ భోజనశాల చరిత్రను చలనచిత్రముగా తీయవలెనని ఒక నిర్మాతకు సంకల్పము కలుగగా, కథ వ్రాయుటకై పిలువబడిన వృద్ధ రచయితయు, హక్కుల విషయమున సలహా చెప్పుటకై పిలువబడిన ఆయన మేనల్లుడగు న్యాయవాదియు, ఫిలింనగరులోని ఒక గృహమున, నిర్మాత వెడలిపోయిన పిమ్మట తమలో తాము జరిపిన వాదమిది. ఇరువురును భోజనప్రియులే, ఒకరిపై నొకరికి వాత్సల్యగౌరవములు కలవారే, అభిప్రాయములు మాత్రము తుదివరకు కలియలేదు.

న్యాయవాది : మామయ్యా, నా సలహా ముందే చెప్పివేయుదును. ఈ కథ జోలికి పోవలదు. పోక తప్పదందురా, ఊరి పేరు మార్చి, మనుష్యుల పేర్లు మార్చి, ఎవ్వరికిని చెందని కల్పితకథగా వ్రాయుడు. బటర్ చికెను, దాల్ మఖనీ అను రెండు వంటకములను తొలుత వండినది తమ వంశకర్తయగు కుందన్‌లాల్ గుజ్రాల్ అని మోతీమహల్ వారును, కాదు, భాగస్వామియగు కుందన్‌లాల్ జగ్గీ అని ఆయన మనుమని పక్షమువారును వాదించుకొనుచున్నారు. ఈ రెండవవారు 2019లో దరియాగంజ్ అను పేరనే భోజనశాలను తెరచి, ఆ వంటకములను కనిపెట్టినవారము మేమేయని చాటుకొనగా, మోతీమహల్ వారు 2024లో ఢిల్లీ హైకోర్టున దావా వేసిరి. దావాపత్రము 2,752 పుటలట. కోరిన పరిహారము సుమారు 2 కోట్ల రూపాయలట. అట్టి వ్యాజ్యము నడుమ మన నిర్మాత దూరి, నాయకుడు ఫలానావాడని తెరమీద చూపినచో, ఆయనకు నోటీసు రాక మానునా?

రచయిత : నాయకుడు ఫలానావాడని చూపుమని నేనెప్పుడంటిని, నాయనా? ఆ కథకు నాయకులు ముగ్గురు. గుజ్రాల్, జగ్గీ, ఠాకుర్‌దాస్ మాగో. చూడు, ఈ మూడవ పేరు నీ నోట రానేలేదు. లోకము నోటను రాదు. ముగ్గురును పెషావరులో మోఖాసింగ్ లాంబా అను ఆయన నడిపిన భోజనశాలలో పనిచేసినవారు. దాని పేరును మోతీమహలే. 1947లో దేశము రెండుగా చీలినప్పుడు, పుట్టి పెరిగిన ఊరు పరదేశమైపోగా, వారు ఢిల్లీ చేరి, కోటకు దాపుననున్న దరియాగంజిలో అదే పేరుతో భోజనశాల పెట్టిరి. ఎవడో ఒక మేధావి అర్ధరాత్రమున ఒక కూరను కనిపెట్టెనన్న కథ నాకక్కరలేదు. ముగ్గురు కూలి వంటవారు, కొలువును ఊరును ఒక్కమారుగా పోగొట్టుకొని, తమ చేతిపనిని మాత్రమే మిగుల్చుకొని, దానితోనే ఒక మహానగరపు నాలుకను మార్చిన కథ నేను వ్రాయవలెను.

న్యాయవాది : ముగ్గురన్నను ముప్పదిమందియన్నను నా ఆక్షేపణ ఒక్కటే. వారు కనిపెట్టినదేమి? తందూరా? కాళీబంగన్ మొదలగు సింధునాగరికతా స్థలముల త్రవ్వకములలో తందూరును పోలిన మట్టిపొయ్యిలు బయల్పడినవి. ఢిల్లీ సుల్తానుల నాటి కవి అమీర్ ఖుస్రో తందూరు రొట్టెను పేర్కొనియున్నాడు. అంతదూరమేల, మన పాతబస్తీలో పురానీహవేలి చెంత మున్షీ నాన్ దుకాణము 1851లోనే వెలసెను. నిజాము కొలువున మున్షీగా నుండిన యొకాయన పెట్టుటచే దానికా పేరు వచ్చెను. నాలుగు మూలలుగా కోసిన పిండిని తందూరు గోడకు అంటించి, పొంగి యెర్రబడిన వెంటనే ఊచతో పెకలించి యిచ్చెడివారు. నిహారీ తినువారు, పాయా తినువారు ఆ రొట్టెకై వచ్చి నిలిచెడివారు. అనగా మోతీమహల్ పుట్టుకకు ఇంచుమించు నూరేండ్లు ముందే హైదరాబాదున తందూరు వెలుగుచుండెను. అట్టి నగరమున కూర్చుండి, తందూరీ వంటను లోకమునకు చూపినవారు దరియాగంజివారని మనమెట్లు వ్రాయుదుము?

రచయిత : నీవు తెచ్చిన సాక్షి నా పక్షముననే పలుకుచున్నాడు. నూరేండ్లు తందూరు వెలిగినను హైదరాబాదున అది ప్రధానముగా రొట్టెలవాని పొయ్యిగనే యుండెను. జనులు రొట్టెను కాగితమున చుట్టించుకొని యింటికి గొనిపోయిరేగాని, ఆ పొయ్యిని నమ్ముకొని ఒక సంపూర్ణ భోజనశాల నిలువవచ్చునని అచ్చట ఎవ్వరును యోచింపరైరి. పంజాబు పల్లెలలోను అంతే. అచ్చట వాడకొక ఉమ్మడి తందూరు, సాంఝా చూల్హా, ఉండును. సాయంవేళ ఇల్లాండ్రు పిండి కలిపి తెచ్చి, వంతులవారీగా రొట్టెలు కాల్చుకొని, మంచిచెడ్డలు మాటలాడుకొని మరలిపోవుదురు. అది పరాయివానికి ధర కట్టి వడ్డించు తావు కాదు. అట్టి పొయ్యిని రాజధానికి తెచ్చి, ఆరుబయట బల్లలు వేయించి, రాత్రులు కవ్వాలీ పాడించి, ఆ మట్టిపొయ్యిలో నుండి వెలువడునదే భోజనమునకు ప్రధానమని స్థిరపరచి, మంత్రులును రాయబారులును వచ్చి పంక్తిలో కూర్చుండునట్లు చేసినది ఆ ముగ్గురే. నెహ్రూగారు ప్రధానిగా నుండిన దినములలో విదేశాతిథుల విందులకు మోతీమహల్ వంటకములు వెళ్లెడివని ప్రసిద్ధి. పెషావరులో కొలువు చేసిన వంటవారికి అంతటి దూరము నడచుట సామాన్యమా?

న్యాయవాది : అది వ్యాపారదక్షత. దానిని కాదనను. కాని వ్యాపారదక్షతకు మీరు కవిత్వపు పీఠము వేయుచున్నారు.

రచయిత : కవిత్వము కాదు, చేతిపని. తందూరును ఎప్పుడైన దగ్గర నిలిచి చూచితివా? నిలువెత్తు బానవలె మూతి యిరుకుగా, కడుపు విశాలముగా మట్టితో మలచి, పగులకుండుటకు ఆ మట్టిలో మేకవెండ్రుకలో గడ్డియో కలిపి, అడుగున బొగ్గులు రాజేసి, గోడలు తెల్లబారువరకు కాచినప్పుడు లోపలి వేడి 400 డిగ్రీల సెంటిగ్రేడును కూడ దాటగలదు. పలుచని రొట్టె ఆ వేడికి ఒకటి రెండు నిమిషములలో కాలును. కోడి అట్లు కాదు. ఊరక దింపినచో పైభాగము మాడి, ఎముక చెంత నెత్తురు మిగిలిపోవును. అందుచేత చర్మము వొలిచి, తొడలకు రొమ్మునకు లోతుగా గాట్లు పెట్టి, అల్లము వెల్లుల్లి నిమ్మరసము ఒకమారు, మసాలా కలిపిన పెరుగు మరియొకమారు పట్టించి నానబెట్టవలెను. పొడవాటి ఇనుపచువ్వకు గ్రుచ్చి దింపి, ముప్పాతిక కాలిన పిదప వెలికి తీసి, నీరు కారిపోవువరకు వ్రేలాడదీసి, వెన్న పూసి మరల దింపవలెను. గోడల నుండి ప్రసరించు వేడియు, లోన తిరుగు గాలి వేడియు, చువ్వ నుండి మాంసగర్భమునకు ప్రాకు వేడియు ఏకకాలమున పనిచేయును. బొగ్గులమీద జారిన కొవ్వు పొగయై మరల కోడినే చేరును. రొట్టెలపొయ్యిలో కోడిని దింపిన ఊహ గుజ్రాల్‌దని ఆయన వంశమువారు చెప్పుదురు. ఎవరిదైనను, అది నెలల తరబడి మాడినవానిని, పచ్చివానిని చూచి చూచి సాధించినదేగాని ఒక్క పూటలో స్ఫురించినది కాదని, పొయ్యి ముందు నిలిచిన ఏ తందూరీ మాస్టరునడిగినను చెప్పును.

న్యాయవాది : అట్లయిన ఆ మాస్టరుల పేర్లేవి? మీ ముగ్గురు యజమానులైన పిదప చువ్వలు పట్టినవారెవరు? పెషావరులో లాంబాగారి పొయ్యి ముందు వీరికి పని నేర్పినవారెవరు? మీరు ఒక పేరును మూడు చేసి న్యాయము జరిగెననుకొనుచున్నారు. నా శాస్త్రము ఇంతకన్న నిజాయతీ గలది. వంటవిధానమును ఎవ్వరి సొత్తునుగాను అది ఒప్పుకొనదు. కథ విషయముననైనను అంతే. 1978లో ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు చెప్పినదేమి? ఆయన హమ్ హిందుస్తానీ అను నాటకము వ్రాసెను. పంజాబీ కుటుంబమునకును దక్షిణాది కుటుంబమునకును ఢిల్లీలో ఏర్పడిన ప్రాంతీయద్వేషము, వారి పిల్లల ప్రేమ అందలి వస్తువు. అదే వస్తువుతో 1956లో న్యూఢిల్లీ అను హిందీ చిత్రము వచ్చెను. భావమునకు, ఇతివృత్తమునకు స్వామ్యము లేదు, దానిని చెప్పిన రూపమునకు మాత్రమే కలదని న్యాయస్థానము తీర్పు చెప్పి ఆయన దావాను కొట్టివేసెను. టమాటాలు, వెన్న, మీగడ కలిపి కాల్చిన కోడిని అందులో వేయుట భావము కాక మరేమి? ఎవ్వరిదియు కానిదానికి కర్తను వెదకుట వ్యర్థము.

రచయిత : మాయాబజారు ఎవరి కథ, చెప్పుము. వ్యాసభారతమున శశిరేఖ లేదు. ఆ పరిణయకథను మన నాటకసమాజములు ఊరూర ఆడినవి. 1936లోనే అది తెరకెక్కెను. ఇన్ని చేతులు మారిన కథను 1957లో పింగళి నాగేంద్రరావుగారు వ్రాసి, కె.వి. రెడ్డిగారు తీసిరి. నీ శాస్త్రప్రకారము ఇతివృత్తము ఎవ్వరిదియు కాదు, నేనును ఒప్పుకొందును. అందుచేత పింగళివారి పేరు తెరమీద వేయవలదందువా? స్వామ్యము లేనిచోట కర్తృత్వమును లేదనుట, తండ్రి ఆస్తి విడిచిపోలేదు గనుక తండ్రియే లేడనుట వంటిది. నేనడుగునది హక్కుపత్రము కాదు. చేసినవాని పేరు చెప్పుము, అతనితో చేసినవాని పేరును చెప్పుము, అతనికి నేర్పినవాడు తెలిసినచో అతని పేరును చెప్పుము. లాంబాగారిని నా మొదటి అంకముననే చూపుదును.

న్యాయవాది : మీ కథలో చోటున్నది, కోర్టు తీర్పులో చోటుండదు. అచ్చట అవునో కాదో తేలవలెను. బటర్ చికెను విషయమున రెండు పక్షముల కథలును చూడుడు. పొయ్యి ప్రక్క వ్రేలాడు కోళ్లు అమ్ముడుపోక ఎండిపోవునను విచారముతో గుజ్రాల్ ఆ పులుసును యోచించెనని ఒకరు. రాత్రి పొద్దుపోయిన తరువాత అతిథులు గుంపుగా రాగా, మిగిలిన కొలది కోళ్లు చాలక, అందరికి సరిపుచ్చుటకు జగ్గీ రసము కలిపెనని మరియొకరు. ఒకటి నిజమైన రెండవది అబద్ధము కావలెను గదా.

రచయిత : ఎందుకు కావలెను? రెండు కథలును ఒక్క వంటింటినే చూపుచున్నవి: శీతలయంత్రములు అరుదైన దినములు, పారవేయుటకు మనసొప్పని పేదరికము, అతిథిని వట్టిచేతులతో పంపరాదన్న పట్టుదల. ఆ వంటింట ముగ్గురుండిరి. నీ వ్యాజ్యమున సమర్పించిన సాక్ష్యములలో 1949 నాటి భాగస్వామ్యపత్రము కలదని వార్తాపత్రికలు వ్రాసినవి. అట్టి భాగస్వాముల పొయ్యి ముందు తొలి గరిటె ఎవరిదని మనుమల తరమున నిర్ణయింపబూనుట నాకు బాధ కలిగించుచున్నది. 1990ల తొలినాళ్లలో దరియాగంజి భోజనశాల చేతులు మారెను. గుజ్రాల్ 1997లో, జగ్గీ 2018లో గతించిరి. అడుగుటకు వారు లేరు.

న్యాయవాది : సరే, కర్తను గూర్చి ఇక వాదింపను. నా రెండవ ఆక్షేపణ చెప్పుదును; ఇది వకీలుగా కాదు, తెలుగువానిగా. ఆ ముగ్గురు చేసిన మేలు ఢిల్లీకి మేలేమో గాని మనకు కీడయ్యెను. చెక్‌పోస్టు దగ్గర నుండి మీ ఫిలింనగరు వరకు భోజనశాలల పట్టికలను చూచుకొనుచు రండు. ఎన్నేండ్లు మనవారికి హోటలు భోజనమన్న తందూరీ చికెను, నాన్, ఎర్రని పులుసులో తేలు పనీరు ముక్కలు! పెండ్లి విందైనను, చిత్రము శతదినోత్సవమైనను అదే. నాటుకోడి పులుసు, రాగిసంకటి, గోంగూర మాంసము, ఉలవచారు ఇంటి వంటలుగా, పల్లెటూరి వంటలుగా వెనుకబడినవి. బల్లమీదికి తెచ్చుటకు యజమానులే సిగ్గుపడిరి. వేడుకైన బయటి భోజనమునకు తెలుగునాట ఒక్కటే రుచి ఏర్పడెను. ఆ రుచి పెషావరుది. లండనులో 1966లో గేలార్డ్ భోజనశాల తందూరు పెట్టినది మొదలు అచ్చటను అదే వరుస. 2001లో వారి విదేశాంగమంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలా బ్రిటనుకు నిజమైన జాతీయవంటకమని ప్రకటించువరకు అది పోయెను. భారతీయ వంట అనగా లోకమునకు ఇదియే తెలియును. మన చింతపండు, మన నువ్వులనూనె, మన మిరప ఎవ్వరికి తెలియును?

రచయిత : ఈ బాధ నాకును కలదు. మద్రాసులో నుండినప్పుడు మాకు ఇడ్లీ దోసెలు బయట దొరకెడివి, పప్పుపులుసు దొరకెడిది, కాని మా గోదావరి మాంసపు కూరలకు బయట బల్ల లేకుండెను. ఇచ్చటికి వచ్చిన తరువాతను చాలకాలము అంతే. కాని దోషము మోతీమహల్‌ది కాదు. వారు తమ ఇంటి పొయ్యిని గూర్చి సిగ్గుపడలేదు. 1941లో 9 లక్షల పైచిలుకు జనమున్న ఢిల్లీ 1951 నాటికి 17 లక్షలు దాటెను. వారిలో సుమారు 5 లక్షలమంది కాందిశీకులు. అంతటి విపత్తున, కొత్త ఊరివారి రుచికి తల వంచి తమ వంటను దాచుకొనుట సులభము. ఆ ముగ్గురు దాచలేదు. సిగ్గుపడినది మనము. నేడు జూబిలీహిల్స్‌లో రాగిసంకటిని, నాటుకోడిని పట్టికలో మొదట వ్రాసి గర్వముగా వడ్డించు భోజనశాలలు వెలసినవి గదా; ఆ యజమానులు చేసినది దరియాగంజిలో 1947లో జరిగినదే.

న్యాయవాది : ఫిలింనగరును ఆ కాందిశీకులతో పోల్చుటకు పూనుకొనకుడు. మనవారిని మద్రాసు నుండి ఎవ్వరును తరుమలేదు. 1976లో అక్కినేనివారు అన్నపూర్ణ స్టూడియో తెరచిరి, కృష్ణగారి పద్మాలయ, రామానాయుడుగారి స్టూడియో తరువాత వచ్చినవి. ప్రభుత్వము ప్రోత్సహించెను, భూములిచ్చెను. మనది వలస, వారిది నిర్వాసము.

రచయిత : నిజము, ఆ పోలిక నా కథలో రానీయను. వచ్చినచో అది వారిపట్ల అపచారమే.

న్యాయవాది : ఇక నా మార్గము వినుడు. కీర్తిని పంచుటకు ఇంతకన్న మంచి పద్ధతి మనవారియొద్దనే యున్నది. ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చెను. అది ఏ ఒక్కరి పేరనుగాక తయారీదారుల సంఘము పేర వచ్చెను. హైదరాబాదు హలీమునకు 2010లో వచ్చిన గుర్తింపును అట్టిదే. బియ్యపు పిండిని బోర్లించిన కుండమీద పొరగా తీసిన తొలి స్త్రీ ఎవరో మనకు తెలియదు, తెలియనక్కరలేదు. ఊరికి పేరు, ఊరివారందరికి అన్నము. మనుమలు కోర్టుకెక్కు పనిలేదు. మీ చిత్రమున నాయకుడు ఊరే కారాదా?

రచయిత : ఏ ఊరు? అదే నా ప్రశ్న. ఆత్రేయపురము ఆత్రేయపురముననే యున్నది. ఆ స్త్రీ మనుమరాండ్రు ఆ గోదావరి గట్టుననే రేకులు తీయుచున్నారు. గుర్తింపు పత్రమున వ్రాయుటకు వారికి ఊరున్నది. తందూరీ కోడికి ఏ ఊరు వ్రాయుదువు? పెషావరా? అది సరిహద్దు కావల నుండిపోయెను. దానిని విడిచి వచ్చినవారే ఆ వంటను లోకమునకు చూపిరి. దరియాగంజా? అచ్చటివారు 1947కు ముందు దానినెరుగరు. ఊరు పోయినవానికి ఊరి పేరిట కీర్తి దక్కదు, నాయనా. అందుచేతనే వారు పెషావరు భోజనశాల పేరును పలకమీద వ్రాయించి తెచ్చుకొన్నట్లు ఇచ్చట మరల నిలిపిరి. మిగిలినది ఆ పేరును, వారి పేర్లును మాత్రమే. వానిని కూడ తీసివేసి, వంట ఎవ్వరిదియు కాదని నీవన్నచో వారియొద్ద మిగులునదేమి? ఒక్కనికే కట్టబెట్టినను అంతే; తక్కిన ఇద్దరు రెండవమారు నిర్వాసితులగుదురు.

న్యాయవాది : ఊరులేనివారికి సంఘము చాలదన్న మాట ఒప్పుకొందును. కాని మీ మూడు పేర్లతో ఆగుటకు హేతువు ఇంకను నాకు కనిపింపదు. లాంబాగారిని చేర్చుదునంటిరి, ఆయన పొయ్యి ముందరివానిని చేర్చలేరు. ఎక్కడనో ఒకచోట గీత గీయుచునే యున్నారు. గుజ్రాల్ వంశము ఒకచోట గీసెను, జగ్గీ వంశము ఒకచోట, మీరు మరియొకచోట.

రచయిత : తెలిసినంతవరకు గీయుదును. తెలియనివానిని పేరులేకనే చూపుదును. చువ్వ పట్టినవాడు తెరమీద కనబడును, పలుకును, అతడే లేడన్నట్లు మాత్రము తీయను. ఒక్కనినే నాయకుని చేయుమని నిర్మాత పట్టుబట్టినచో కథ తిరిగి యిచ్చివేయుదును.

న్యాయవాది : ఆయన పట్టుబట్టును, నాయకునికి తేదీలు కూడ అడిగియున్నాడు. నేను నాయకత్వపు మాట ఎత్తను. మూడు వంశములకును అనుమతికై మూడు లేఖలు సిద్ధము చేయుదును. మాగోగారి వారికి పోవలసిన లేఖను మొదట వ్రాయుదును, ఏలయన ఆ దావాలో ఇరుపక్షములును తక్కిన ఇద్దరివే. వారు అనుమతి యీయనిచో ఈ కథను ఆపివేయుడని చెప్పుటకు నాకు హక్కుండవలెను.

రచయిత : లేఖలు నాలుగు చేయుము. లాంబాగారి వంశమువారు ఎచ్చటనున్నారో వెదకించుము. ఆపవలసి వచ్చిన నాడు మరల వాదించుకొందము.